మారిషస్‌లో ఆరు రోజులు: తేనె తాగే బల్లుల వెంట

మారిషస్‌లో తేనెపిట్టలు లేవు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా ప్రయాణమంతా తేలిగ్గా అర్థమవుతుంది. మన పెరట్లో మందారం విచ్చుకుంటే పొద్దెక్కేలోపు తేనెపిట్ట వచ్చి వాలుతుంది. నడిసముద్రంలో అగ్నిపర్వతం పేలి పుట్టిన ఈ దీవికి ఆ పిట్టలు చేరనేలేదు. మొక్కలు మాత్రం చేరాయి, లక్షల ఏళ్ళు ఇక్కడే ఉండి ఇక్కడివే అయిపోయాయి. వాటి పుప్పొడి మోసే పని దొరికినవాళ్ళ మీద పడింది: కళ్ళ చుట్టూ తెల్లటి వలయమున్న వేలెడంత పిట్టలు, పట్టపగలు ఎండలో తిరిగే పచ్చ బల్లులు. ఖండాల మీద బల్లి పువ్వు దగ్గరికి పోతే చాలావరకు పురుగు కోసమే పోతుంది. దీవుల్లో బల్లులకు వేటగాళ్ళు తక్కువ, పురుగులూ తక్కువే. అందుకని సంఖ్య పెరిగిన బల్లులు తేనెకు దిగాయి. బల్లులు పరాగ సంపర్కం జరిపిన ఉదాహరణల్లో చాలా భాగం దీవుల నుంచే వచ్చాయి. మారిషస్ అందులో ముందు వరసలో ఉంది.

వెళ్ళడానికి సెప్టెంబరు మంచిది. అక్కడ అప్పుడు చలికాలం చివర. తుపానుల భయం ఉండదు, కొండల మీద ట్రొకేషియాలు అనే మందారం కుటుంబపు పొదలు పూతలో ఉంటాయి. ముంబయి నుంచి నేరుగా విమానం ఉంది, ఆరు గంటల ప్రయాణం. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి కారు అద్దెకు తీసుకోవచ్చు. సామాన్లలో తప్పనిసరివి మూడు. మొదటిది 8 రెట్ల బైనాక్యులర్, అదీ రెండు మీటర్ల దగ్గరి వస్తువును కూడా స్పష్టంగా చూపించే రకం. పక్షుల కోసం కొన్న బైనాక్యులర్లు చాలావాటికి నాలుగైదు మీటర్లలోపు అంతా మసకే, కొనేముందు ఈ ఒక్కటి చూసుకోవాలి. రెండోది వానకోటు. మూడోది గట్టి బ్రష్షు, బూట్ల అడుగుల్లో ఇరుక్కున్న మట్టినీ విత్తనాలనూ దులపడానికి. దాని అవసరం రెండో రోజే తెలుస్తుంది.

మొదటి రోజు: మాహేబూర్

విమానాశ్రయం నుంచి మాహేబూర్ పావుగంట దూరం. మొదటి రోజు అడవికి పరుగెత్తక్కర్లేదు. ఊళ్ళో కొబ్బరిచెట్టు, అరటిబోదె, మొగలి పొద ఉన్న ఏ తోటలోనైనా ఆర్నెట్ పగటి బల్లి కనిపిస్తుంది. వీపు మీద నీలమూ ఆకుపచ్చా కలిసిన నెమలికంఠం రంగు, దాని మీద ఎర్రటి చుక్కలు, మెడ పక్కన తెలుపు నలుపు పట్టీలు. మన గోడ మీది బల్లికి చుట్టమే కానీ చూస్తే ఎవరూ నమ్మరు. మీద పడితే శాస్త్రం తిరగేయాల్సిన ప్రాణి అని ఎవరికీ తోచదు.

బల్లి తాగడం ఎలా ఉంటుందో ఈ రోజే దగ్గరగా చూసి పెట్టుకోవాలి. అతిథి గృహాల్లో పొద్దున్న ఫలహారం బల్ల మీదికి జామ్ కోసం ఇవి దిగుతాయి. మూడడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే చాలు. ముందు తల పక్కకు వంచి ఒక కంటితో చూస్తుంది. రెండడుగులు వేసి ఆగుతుంది. మందంగా, వెడల్పుగా ఉన్న గులాబీ నాలుక బయటికి వచ్చి నాకుతుంది, అంతేగానీ పీల్చడం ఉండదు. నాలుగైదు సార్లు నాకాక అదే నాలుకతో కంటి మీద తుడుచుకుంటుంది, కనురెప్పలు లేవు కదా. ఈ నాకుడు వల్లే మూతి, గడ్డం, గొంతు కింది భాగం తేనె ఉన్నచోటికి ఆనుకుపోతాయి. పువ్వులో అయితే పుప్పొడి అంటేది సరిగ్గా అక్కడే. రేపటి నుంచి బైనాక్యులర్ పెట్టాల్సింది తోక రంగు మీద కాదు, గొంతు మీద. పసుపు పొడి అంటి ఉందా లేదా, అంతే ప్రశ్న.

ఇదే తోటలో మనవాళ్ళూ ఎదురవుతారు. ఎర్ర మీసాల పిగిలిపిట్ట 1892లో ఇక్కడికి వచ్చింది, గోరువంక అంతకుముందే వచ్చింది. కంచె మీద మెడ ఎగరేస్తున్నది మన తొండే. ఇక్కడివాళ్ళు దాన్ని కామెలియాఁ అంటారు, ఊసరవెల్లి అనుకుని. ఇవేవీ ఇక్కడి పువ్వులకు చుట్టాలు కావు. మనుషుల్లోనూ మనవాళ్ళున్నారు. చెరకు తోటల కూలికి కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ ఉగాది చేసుకుంటారు, ఆ రోజు దేశమంతటా సెలవు. సాయంత్రం బజారులో గాతో పిమాఁ అడిగితే పొట్లం కట్టి ఇచ్చేది దాదాపు మన పప్పు వడే.

రెండో రోజు: ఈల్ ఓ ఎగ్రెట్

మాహేబూర్ తీరానికి కిలోమీటరు లోపు దూరంలో 26 హెక్టార్ల పగడపు రాతి దీవి ఇది. 1965లో రక్షిత ప్రాంతమైంది. మారిషన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ 1980ల మధ్య నుంచి దీన్ని తిరిగి నిలబెడుతోంది. పాయింట్ జెరోమ్ దగ్గర పడవ ఎక్కాలి, ముందే బుక్ చేసుకోవాలి, గైడు లేకుండా తిరగనివ్వరు. పొద్దున్న మొదటి పడవ అడగండి. మధ్యాహ్నం పడవకు వెళ్తే తాబేళ్ళు కనిపిస్తాయి కానీ పువ్వుల దగ్గర సందడి తగ్గిపోతుంది. పడవ ఎక్కేముందు బూట్ల అడుగులు, ప్యాంటు మడతలు, సంచి అడుగు దులపండి. ఒక్క గడ్డి విత్తనం చాలు, తర్వాత ఎవరో నెలలకొద్దీ వంగి పీకాలి.

ఇక్కడ చూడవలసిన పిట్టలు రెండు. మారిషస్ ఆలివ్ వైట్-ఐ ముదురు ఆలివ్ పచ్చ రంగులో ఉంటుంది. ముక్కు సన్నగా, పొడుగ్గా, కొద్దిగా వంగి ఉంటుంది. ఆ ముక్కును చూస్తేనే తేనె తాగే పక్షి అని తెలుస్తుంది. పెద్ద దీవి మీద ఎలుకలు, కోతులు గూళ్ళు దోచేయడంతో దీని బతుకు అంచుకు చేరింది. ఎలుకలు లేని ఈ చిన్న దీవి మీద 2006 నుంచి తెచ్చి వదిలారు. రెండోది మారిషస్ ఫోడీ. మగదానికి ఎరుపు ముఖ్యంగా తల, రొమ్ము మీదే. ఊళ్ళో పార్కుల్లో ఒళ్ళంతా ఎర్రగా కనిపించేది మడగాస్కర్ ఫోడీ, అది పరాయిది. చాలామంది దాని ఫొటో తీసుకుని అరుదైన పిట్ట దొరికిందని మురిసిపోతారు.

పిట్ట పని, బల్లి పని ఒకటి కాదు. పిట్ట ఒక చెట్టు మీద రెండు మూడు పువ్వులు తాగి ఇంకో చెట్టుకు ఎగిరిపోతుంది, పుప్పొడి దూరం వెళ్తుంది. బల్లి తన హద్దు దాటదు. అదే పొద, అదే కొమ్మ, రోజుకు పదిసార్లు తిరుగుతుంది. అందువల్ల దగ్గరి మొక్కల మధ్యే పుప్పొడి మారుతుంది. కానీ దాని పట్టు గట్టిగా ఉంటుంది. పువ్వు తలకిందులుగా వేలాడుతున్నా కాడ పట్టుకుని దిగి, తల లోపలికి దూర్చేస్తుంది. గాలిలో నిలబడి తేనె తాగే పక్షి లేని ఈ చోట వేలాడే గంట పువ్వులకు ఇది వరమే.

పువ్వు దగ్గరికి ఏదైనా వచ్చిందంటే అది పరాగ సంపర్కం చేసినట్టు కాదు. మూడు చూడాలి. కేసరాలకు ఒళ్ళు తగిలిందా? కీలాగ్రానికి తగిలిందా? ఆ తర్వాత అదే జాతి ఇంకో మొక్కకు వెళ్ళిందా? మూడూ అవునంటేనే లెక్క. మొదటిది మాత్రమే అవునైతే అది పుప్పొడి వృథా చేసింది, ఏదీ కాకపోతే తేనె దొంగ. ఈ దీవి మీద ఒక్క గంట ఇలా చూసి రాసుకుంటే, 'వచ్చింది' అని గీసిన గీతల్లో ఎన్ని కొట్టేయాల్సి వస్తాయో తెలుస్తుంది.

గైడు చూపించే మరో ప్రాణి టెల్ఫైర్ స్కింక్, మన నలికిరికి పెద్దన్న. పెద్ద తాబేళ్ళు అల్డాబ్రా నుంచి వచ్చినవి. ఇక్కడి తాబేళ్ళు అంతరించాక వాటి బదులు పెట్టారు. పడిన పండ్లు తిని విత్తనాలు మోయడం వాటి పని. 2020లో వకాషియో ఓడ పగిలి నూనె కారింది ఈ దీవికి కూతవేటు దూరంలోనే. అప్పుడు మొక్కలనూ కొన్ని పిట్టలనూ బయటికి తరలించాల్సి వచ్చింది. 26 హెక్టార్లలో అన్నీ దాచుకోవడంలో ఉన్న చిక్కు అదే.

మూడో రోజు: పెత్రిన్

తీరం వదిలి పీఠభూమి ఎక్కాలి. పెత్రిన్ బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ వనానికి తూర్పు ద్వారం. వనం 1994లో ఏర్పడింది, 6,574 హెక్టార్లు. మారిషస్‌లో బాగున్న సొంత అడవి మొత్తం నేలలో రెండు శాతం కూడా లేదు, ఉన్నదాంట్లో ఎక్కువ ఇక్కడే ఉంది. అడవి అనగానే తల ఎత్తి చూసే చెట్లు ఊహించుకోవద్దు. పెత్రిన్‌లో మొక్కలు నడుమెత్తు, భుజమెత్తు మాత్రమే. నేల పలచగా, రాయి మీద నీళ్ళు నిలిచి ఉంటుంది. మధ్యమధ్య మొగలి పొదలు. వాటిని ఇక్కడ వాక్వా అంటారు, పక్కనున్న వాక్వా పట్నానికి ఆ పేరు వాటి నుంచే. కోనసీమలో కాలువ గట్టున పెరిగే మొగలికి దాయాదులు; ఆకుల అంచున అవే రంపపు ముళ్ళు.

పొద్దున్నే వెళ్ళి లాభం లేదు. పీఠభూమి మీద ఉదయం చలి ఉంటుంది, బల్లికి ఒళ్ళు వేడెక్కనిదే కాలు కదలదు. తొమ్మిదిన్నర, పది మధ్య మబ్బు విడిచి ఎండ పడిన పది నిమిషాలకు మొగలి ఆకుల మొదళ్ళ నుంచి ఒక్కొక్కటి బయటికి వస్తాయి. ఇక్కడిది నీలితోక పగటి బల్లి, ఫెల్సుమా సెపెడియానా. మగదాని నడుము నుంచి తోక దాకా కరెంటు నీలం. మబ్బు పట్టిందంటే మళ్ళీ లోపలికే. చాలామంది తిరిగేది ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటి దాకా, ఆపైన వాన చినుకు చూసి వెనక్కి పోతారు, బల్లులేం లేవని చెబుతారు.

చూడవలసిన మొక్క ట్రొకేషియా బ్లాక్‌బర్నియానా. ట్రొకేషియా ప్రజాతి ప్రపంచంలో మారిషస్, రీయూనియన్ దీవుల్లో తప్ప లేదు. మందారం కుటుంబమే. గులాబీ, తెలుపు కలిసిన పువ్వు గంటలా కిందికి వంగి ఉంటుంది. మెడ వంచి కింది నుంచి చూస్తే రేకుల మొదట్లో పసుపు తేలిన తేనె బొట్లు కనిపిస్తాయి. పువ్వును తిప్పవద్దు. తిప్పితే తేనె కారిపోతుంది, ఆ పువ్వుకు ఆ పూట బేరం పోయినట్టే.

ఇక చూసే పద్ధతి. దారి మీద నుంచే కనిపించే నాలుగు మొక్కలు ఎంచుకోండి: రెండు మొగలి పొదకు ఆనుకుని ఉన్నవి, రెండు ఇరవై ముప్పై అడుగులు దూరంగా ఉన్నవి. మూడు మీటర్లు వెనక్కి నిలబడి ఒక్కో మొక్క దగ్గర ఇరవై నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు లెక్కలోకి తీసుకోకండి, మీ రాకకు బెదిరిన బల్లి తిరిగి రావడానికి ఆ సమయం పడుతుంది. మీ నీడ పువ్వు మీద పడకూడదు. నీడ కదిలితే బల్లికి అది డేగ. ఊరికే పోలిక కాదిది: మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగకు ఈ పగటి బల్లులే ముఖ్యమైన తిండి. 1974లో అడవిలో నాలుగే మిగిలిన ఆ డేగ ఇప్పుడు వందల్లోకి వచ్చింది. అది పైనుంచి ఎప్పుడైనా దిగవచ్చన్న భయంతోనే బల్లి మొగలి పొదను వదిలి దూరం పోదు. ముళ్ళ ఆకుల మొదట్లోకి దూరితే డేగ కాలు చేరదు, అక్కడే వాన నీళ్ళు నిలుస్తాయి, పురుగులు దొరుకుతాయి. గుడ్లు పెట్టేదీ ఇలాంటి మాటు చూసుకునే.

దూరపు మొక్కల దగ్గర ఇరవై నిమిషాలకు ఒక తేనెటీగ వస్తే వచ్చింది. పొద పక్క మొక్క దగ్గర బల్లి వచ్చిపోతూనే ఉంటుంది. దీన్ని ఎవరో కంటితో చూసి అనుకున్నది కాదు. 2007లో అచ్చయిన పరిశోధన ఈ మొక్కలనే లెక్కపెట్టింది. దట్టమైన మొగలి పొదలకు దగ్గరగా ఉన్న ట్రొకేషియాలకు కాయ కట్టే అవకాశం దూరంగా ఉన్నవాటికన్నా ఎక్కువని తేల్చింది. మొగలికి ట్రొకేషియాతో ఏ సంబంధమూ లేదు. అది బల్లికి ఇల్లు, అంతే. ఇల్లు ఎక్కడుంటే బజారు అక్కడే.

అందుకే ఈ అడవిని చూసేటప్పుడు పువ్వును కాదు, పువ్వుకు పది అడుగుల్లో ఏముందో చూడాలి. ఒక్కటే మొక్క నిండా పూసి, ఒక్క కాయ లేకుండా రాలిపోయిందంటే మొక్కకు జబ్బనుకోనక్కర్లేదు. చుట్టూ చూడండి, మొగలి ఉందా అని. చాలాసార్లు ఉండేది చైనా జామ.

చైనా జామ బ్రెజిల్ నుంచి వచ్చింది, పేరు మాత్రం గోయావ్ ద షీన్. చలికాలంలో ప్లేన్ షాంపేన్ రోడ్డు పొడుగునా కుటుంబాలు బకెట్లతో ఎర్రటి చిన్న పండ్లు కోసుకుంటాయి, ఉప్పూ కారం అద్దుకుని తింటాయి. రుచికి లోటు లేదు. కానీ కర్రలు పాతినట్టు చిక్కగా పెరిగి, కింద ఇంకో మొక్కను లేవనివ్వదు. రక్షణ ప్రాంతాలకు కంచె వేసి, లోపల దీన్ని చేత్తో పీకుతారు. కంచె జింకలనూ పందులనూ ఆపుతుంది, కోతిని ఆపదు. ఒకసారి పీకి వదిలేస్తే డబ్బు దండగ. తెగిన వేరు నుంచి పిలకలు వస్తాయి, నేలలోని విత్తనాలు వెలుతురు తగలగానే మొలుస్తాయి. మళ్ళీ మళ్ళీ పీకాల్సిందే. ఇక్కడే ఇంకో పొరపాటుకూ తావుంది: శుభ్రం చేసే ఊపులో ముళ్ళు గుచ్చుకుంటున్నాయని మొగలినీ కొట్టేస్తే బల్లి పోతుంది. నర్సరీలో పెంచిన ట్రొకేషియా మొక్కల్ని ఖాళీ జాగాలో వరసల్లో నాటడం చూడ్డానికి అందం. పొద అంచున గుంపుగా నాటడం తెలివి.

నాలుగో రోజు: ఎత్తు అడవి, రూసియా

ఈ రోజు దారి పేరు రాయడం లేదు. రూసియా సింప్లెక్స్ మిగిలిన చోట్లు కొద్దే, అవి తెలియకపోవడమే మొక్కకు మేలు. జాతీయ వనాల విభాగంతో ముందుగా మాట్లాడుకుని వాళ్ళ మనిషితో వెళ్ళాలి. తడి అడవి, పాచి పట్టిన రాళ్ళు, మోకాళ్ళ దాకా బురద. బూటు కాకపోతే వద్దు.

రూసియా ఆ ప్రజాతిలో ఏకైక మొక్క. పేరు తత్త్వవేత్త రూసో మీదుగా 1789లో వచ్చింది. పాకుతూ ఎక్కే పొద. ఆకులు మందంగా మెరుస్తూ ఉంటాయి. పువ్వు మైనంతో పోసినట్టు దళసరిగా, పసుపు నారింజ కలిసిన రంగులో ఉంటుంది. రేకులు వెనక్కి ముడుచుకుని గిన్నె నిండా తేనె చూపిస్తాయి. ఆ దళసరితనం అలంకారం కాదు, బల్లి పట్టూ బరువూ తట్టుకోవాలి కదా.

దీని పుప్పొడి మోసేది నీలితోక బల్లి. అంతటితో ఆగలేదు, విత్తనాలు మోసేదీ అదే. కాయ పక్వానికి వచ్చినప్పుడు జిగురులాంటి గుజ్జు ఊరుతుంది, సన్నటి విత్తనాలు అందులో కలిసి ఉంటాయి. బల్లి వచ్చి నాకుతుంది, తర్వాత ఏ బెరడు పగులులోనో రెట్టతో పాటు వదులుతుంది. పెళ్ళి పెత్తనమూ కాపురం పెట్టించడమూ ఒకే చేతి మీద. ఒకే ప్రాణి మీద రెండు పనులకూ ఇంతగా ఆనుకోవడం చాలా అరుదు, ప్రమాదమూ అంతే. ఆ ఒక్కటి రాకపోతే మొక్కకు వెనుక దారి లేదు.

రాకుండా చేసింది చీమ. తెల్లకాళ్ళ చీమ, టెక్నోమిర్మెక్స్ అల్బిపెస్, బయటి నుంచి వచ్చినది. ఇది పిండినల్లిని పెంచుతుంది. మన పత్తి, బొప్పాయి రైతులకు ఆ తెల్ల పిండి పురుగు కొత్త కాదు. పురుగు రసం పీల్చి తీపి విసర్జిస్తుంది, చీమ ఆ తీపి తింటుంది, బదులుగా కాపలా కాస్తుంది. రూసియా మీద ఈ చీమలు మట్టి, చెత్త కలిపి పువ్వుల మీద, కాయల మీద పైకప్పులాంటి గూళ్ళు కడతాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే పువ్వు సగం మట్టి పెంకులో కూరుకుపోయి ఉంటుంది. తేనె ఉంటుంది, దారి ఉండదు. బల్లి వచ్చి ఒక అడుగు వేయగానే చీమలు కాళ్ళ మీదికి ఎక్కుతాయి. కాలు విదిలించి వెనక్కి తిరుగుతుంది. 2009లో అచ్చయిన ప్రయోగంలో చీమలున్న పువ్వులకూ పండ్లకూ బల్లుల రాక బాగా పడిపోయిందని తేలింది. బల్లులు అదే అడవిలో ఉన్నాయి, పువ్వులూ ఉన్నాయి, కాయలు లేవు.

ఇందులో మందు కొట్టడం అనే తేలిక మార్గం లేదు. చీమల కోసం పెట్టే తీపి ఎర బల్లికీ తీపే. బాహాటంగా పెడితే ముందు నాకేది కాపాడాలనుకున్న ప్రాణే. ఎర పెట్టాలంటే చీమ దూరి బల్లి తల దూరని సన్నటి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. కాండం చుట్టూ జిగురు పట్టీ వేసే పద్ధతి ఉంది, అది పని చేయాలంటే ఆ కొమ్మ ఇంకే చెట్టునూ తాకకూడదు. అల్లుకుని పెరిగే పొదకు అది ఎలా కుదురుతుంది? ఒక్క ఆకు పక్క చెట్టును తాకినా చీమకు అది వంతెన. గాలికి కొమ్మ కదిలి తాకినా చాలు. అదీ కాక జిగురు మీదికి దుమ్ము, రాలిన ఆకులు చేరి కొన్నాళ్ళకే దారి ఏర్పడుతుంది. బల్లి పిల్లలు అంటుకునే ప్రమాదమూ ఉంది. పట్టీ కట్టి మర్చిపోయే పని కాదు, వారం వారం తిరిగి చూసుకునే పని. ముఖ్యంగా పూత వేళ.

మొక్కల దగ్గర గడిపేది గంటకు మించకుండా చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు దారి పక్క పొదల్లో చిన్న గుంపులుగా కిచకిచలాడుతూ పోయేవి మారిషస్ గ్రే వైట్-ఐలు. వీపు చివర తెల్లగా మెరుస్తుంది. ఆలివ్ వైట్-ఐలా కాకుండా ఇది ఊళ్ళలోనూ తోటల్లోనూ బతికేసింది. ఏది దొరికితే అది తింటుంది: పురుగు, పండు, తేనె. పరాయి పువ్వుల్నీ కాదనదు. బతకనేర్చింది. పక్కనున్న రీయూనియన్‌లో దీని దాయాది ఇంకో అడుగు ముందుకేసి ఆంగ్రెకం ఆర్కిడ్లకు పరాగ సంపర్కం చేస్తుంది. తెల్లటి ఆ ఆర్కిడ్లు రాత్రి తిరిగే, సీతాకోకల్లాంటి మాత్‌ల కోసమని అందరూ అనుకునే ప్రజాతి.

ఐదో రోజు: లె మోర్న్

నైరుతి మూలన 556 మీటర్ల రాతి కొండ. పారిపోయిన బానిసలు దాక్కున్న చోటుగా దీనికి 2008లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ నిటారు గోడల మీద ట్రొకేషియా బుటోనియానా పెరుగుతుంది, అడవిలో దీని సొంత ఊరు ఈ కొండే. 1992 నుంచి మారిషస్ జాతీయ పుష్పం. స్థానికంగా బుక్ల్ దొరెయ్, అంటే చెవి లోలాకు. ఎర్రగా వేలాడుతున్న పువ్వును చూస్తే పేరు వివరించక్కర్లేదు.

పొద్దున్నే మొదలుపెట్టాలి. పెత్రిన్‌కు చెప్పినది ఇక్కడ చెల్లదు, ఇది తీరం, రాయి త్వరగా వేడెక్కుతుంది. రానూ పోనూ మూడు నాలుగు గంటలు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. మొదటి సగం బండి బాట, తర్వాత చేతులూ వాడాలి. రాయి తడిగా ఉంటే పై భాగం వదిలేయండి. పువ్వు కోసం శిఖరం దాకా పోనక్కర్లేదు. దారి వదిలి గోడ వైపు పోవద్దు, పోయి ఒక్క మొక్కను తొక్కినా అది ప్రపంచంలో ఉన్నవాటిలో ఒకటి.

ఈ పువ్వు తేనె ఎర్రగా ఉంటుంది. రేకు రంగు ప్రతిబింబం కాదు, తేనే ఎరుపు. రంగు తేనె పూలమొక్కల్లో చాలా అరుదు. మారిషస్‌లో మూడు మొక్కలకు ఉందని 1998లో నేచర్ పత్రికలో వచ్చింది: రెండు ట్రొకేషియాలు, మూడోది నెసోకోడాన్ మారిషియానస్. ఈ మూడోది 1976లో ఒక జలపాతం పక్క కొండ గోడ మీద దొరికింది. లేత ఊదా గంట పువ్వులో రక్తం బొట్టులాంటి తేనె. ఎందుకు ఎరుపో అప్పటికి తెలియదు. 2006లో రెండో మెట్టు: కృత్రిమ పువ్వుల్లో రంగు కలిపిన తేనె, రంగులేని తేనె పక్కపక్కన పెడితే ఆర్నెట్ బల్లి రంగుదాన్నే ఎంచుకుంది. మాహేబూర్‌లో జామ్ నాకిన అదే జాతి. వాసన పట్టి వెతికే పురుగుకు కాదు, కళ్ళతో వెతికే ప్రాణికి ఇది బోర్డు కట్టినట్టు. రంగు కనపడితే తేనె ఉంది, కనపడకపోతే ఎవరో తాగేశారు, దండగ నడక లేదు.

మూడో మెట్టు 2022లో వచ్చింది, ఇంట్లో వంట తెలిసినవాళ్ళకు చప్పున పట్టుబడే రసాయనం. మామూలు తేనెలు కొంచెం పులుపు వైపు ఉంటాయి. నెసోకోడాన్ తన తేనెను క్షారం వైపు, పీహెచ్ 9 దగ్గరికి తోస్తుంది, కార్బోనిక్ అన్‌హైడ్రేస్ అనే ఎంజైముతో. క్షారంలో సినాపాల్డిహైడ్ అనే పదార్థం ప్రొలీన్ అనే అమైనో ఆమ్లంతో కలుస్తుంది, ఎర్ర రంగు పుడుతుంది. దానికి నెసోకోడిన్ అని పేరు పెట్టారు. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుంది చూడండి, రసాయనం వేరైనా కిటుకు అదే: క్షారం తగిలాకే రంగు. తేనె మొదట లేతగా ఊరి, పోనుపోను ఎరుపెక్కడానికి కారణం ఇదే. పెరూలోని హల్టొమాటా అనే మొక్క కూడా విడిగా ఇదే రంగుకు చేరింది, సంబంధం లేని కుటుంబం నుంచి.

కొండ దిగాక దారిలో చామరెల్ దగ్గర ఎబొనీ ఫారెస్ట్ అనే ప్రైవేటు రక్షిత అడవి ఉంది. పరాయి మొక్కలు తీసి సొంత చెట్లు నాటిన ముక్క, తీయని ముక్క పక్కపక్కనే చూడొచ్చు. మోకాళ్ళలో ఓపిక మిగిలితే వెళ్ళండి.

ఆరో రోజు: కాప్ మాలెరో

ఉత్తరపు కొస. ఎర్ర పైకప్పు చర్చి, పడవలు, ఎదురుగా ఒకవైపుకు వాలుగా కోసినట్టుండే కొయాఁ ద మీర్ దీవి. గాలి తేటగా ఉంటే దాని వెనక దూరంగా గోపురంలా కనిపించేది రౌండ్ ఐలాండ్, తీరానికి 22 కిలోమీటర్లు. సందర్శకులకు ప్రవేశం లేదు. 1979లో మేకల్ని, 1986లో కుందేళ్ళను తీసేశాక తాటి జాతులూ మొగళ్ళూ తేరుకున్నాయి. ఎలుక అక్కడ ఎన్నడూ కాలు పెట్టలేదు. గుంథర్ బల్లి సొంతంగా మిగిలింది అక్కడే: బూడిద రంగు, ఈ పగటి బల్లుల్లో బతికున్న పెద్ద జాతుల్లో ఒకటి. పచ్చ రంగు లేదని తక్కువ చేయొద్దు, అదీ తేనె తాగుతుంది. రాడ్రిగ్స్ దీవిలో ఇంతకంటే పెద్ద పగటి బల్లి ఉండేది. పిల్లులూ ఎలుకలూ వచ్చాక లేదు. అది తిరిగిన పువ్వులేవో ఇప్పుడు ఊహించడమే.

తిరుగు దారిలో, బే ద్యు తోంబో చుట్టుపక్కల తోటల్లో, కళ్ళు చెదిరే పచ్చ రంగులో జానెడు మించిన బల్లి కనిపిస్తే సంతోషపడొద్దు. అది మడగాస్కర్ పెద్ద పగటి బల్లి, ఫెల్సుమా గ్రాండిస్. పెంపుడు జంతువుగా వచ్చి 1990ల నుంచి ఇక్కడ పాతుకుపోయింది. అది ఉన్న తోటలో ఆర్నెట్ బల్లి క్రమంగా కనిపించకుండా పోతుంది. పెద్దది చిన్నదాన్ని తింటుంది కూడా. ఊరి నుంచి ఊరికి పూల కుండీల్లో, లారీల్లో, ఆకు మొదట్లో అంటించిన గుడ్ల రూపంలో పోతుంది. కనిపిస్తే ఫొటో తీసి, చోటు రాసుకుని జాతీయ వనాల వాళ్ళకు పంపితే పనికొస్తుంది.

పగటి బల్లులన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో ఉన్నాయి. వాటినీ గుడ్లనూ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. తెలిసి చేసేవాళ్ళ సంగతి అటుంచి, తెలియకుండా జరిగేది ఒకటుంది: వాక్వా ఆకుతో అల్లిన బుట్టలు, టోపీలు, వెదురు వస్తువులు. వెదురు గొట్టం లోపల, బుట్ట మడతల్లో జంటగా అంటుకున్న తెల్లటి గుడ్లు, ఒక్కోటి చిన్న బఠాణీ గింజంత, ఉండొచ్చు. సూట్‌కేసులో పెట్టేముందు టార్చి వేసి లోపలంతా ఒకసారి చూసుకోండి. బూట్ల బ్రష్షు మాత్రం చివర్లో సర్దండి, దానికి ఇంకా పనుంది.